150 దగ్గరే ఆగిన సీజన్ టికెట్

మా అనంతసాగరం నుంచి వెళ్లి నెల్లూరులో కాపురం పెట్టి, పనిమీద చెన్నైకి తిరిగేవాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. తెల్లారకముందే టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని, జనరల్ బోగీలో తలుపు దగ్గర నిలబడి వెళ్తారు. టికెట్ ఖర్చు దానికి అదనం.

రైల్వే సీజన్ టికెట్ మామూలుగా 150 కిలోమీటర్ల వరకే. గూడూరు-చెన్నై 140 లోపే, వాళ్లకు దొరుకుతుంది. నెల్లూరు-చెన్నై 175 దాటుతుంది, ఇవ్వరు. నెల సీజన్ అంటే సుమారు 15 సింగిల్ ప్రయాణాల ఛార్జీ. నెలంతా తిరిగేవాడికి అదెంత ఊరటో! 2014 జూన్‌లో దాన్ని 30 ప్రయాణాల లెక్కకు పెంచబోయి, జనం గగ్గోలు పెడితే వెనక్కి తగ్గారు. దూరం పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, సాయం మాత్రం 150 దగ్గరే ఆగిపోతుంది. ఇది అన్యాయం.

మా ఊరికి రైలే లేదనుకోండి. ఆత్మకూరు మీదుగా రావాల్సిన 309 కిలోమీటర్ల నడికుడి-శ్రీకాళహస్తి లైను 2011-12లో మంజూరైంది. ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాం.

నెల్లూరు మిత్రులారా, సీజన్ హద్దు 200 కిలోమీటర్లకు పెంచమని మన ఎంపీ గారికి తలా ఒక అర్జీ పెట్టండి.