సంతకం లేని బాతులు

ముందే చెప్పేస్తున్నా, నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం బాపతు. ఒత్తులు ఎక్కడైనా తప్పితే మన క్లబ్ ఎడిటర్ అక్క దిద్దాలి. దిద్దకపోతే మీరే సర్దుకోవాలి.

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్‌లో మా బాబాయి వాళ్ళింటికి వెళ్ళా. అక్కడ అటక మీద ఒక రేకు ట్రంకు పెట్టె ఉంది. బాబాయి తొంభైల్లో ఇంటర్ చదివే రోజుల్లో ప్రతి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలన్నీ అందులోనే పడున్నాయి. పైన డజను ఆర్చీలు. అవి నాకు కొత్త కాదు, బెట్టీ వెరోనికాల గోల స్కూల్లోనే అయిపోయింది. వాటి అడుగున ఉన్నాయి బాతులు. డొనాల్డ్ డక్, అంకుల్ స్క్రూజ్. వాటిని చూడగానే బాబాయి హిందీ డక్‌టేల్స్ పాట ఎత్తుకున్నాడు. అప్పట్లో దూరదర్శన్‌లో వచ్చేదట. వంటింట్లోంచి పిన్ని "ఇంక మొదలైంది" అంది.

అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి తీశా. 1949 నాటి కథని తర్వాతెప్పుడో మళ్ళీ వేసినట్టున్నారు. పేరు 'లాస్ట్ ఇన్ ది ఆండీస్'. అందులో డొనాల్డ్ ఒక మ్యూజియంలో ఊడ్చి దుమ్ము దులిపే మనిషి. అది కూడా సొంత ఉద్యోగం కాదు, ఊడ్చేవాడికి నాలుగో అసిస్టెంటు! అక్కడ పాచికల్లా నలుపలకలుగా ఉన్న రాళ్ళు తుడుస్తూ ఒకటి కింద పడేస్తాడు. పగిలి చూస్తే అది రాయి కాదు, గుడ్డు. ఇంకేముంది, చదరపు గుడ్లు పెట్టే కోళ్ళ కోసం పెద్ద పెద్ద ప్రొఫెసర్లంతా ఓడెక్కి దక్షిణ అమెరికా బయల్దేరతారు. వెనకాల డొనాల్డూ, ముగ్గురు మేనల్లుళ్ళూ.

ఓడ మీద జరిగే సీను చదివి నేను మంచం మీంచి పడబోయా. పెద్ద ప్రొఫెసర్‌కి ఆమ్లెట్ తినాలనిపిస్తుంది. ఆయన తన కింది వాడికి చెబుతాడు, వాడు వాడి కింది వాడికి. అలా ఆర్డరు మెట్టు మెట్టూ దిగి చివరికి డొనాల్డ్ దగ్గరికొస్తుంది. డొనాల్డ్ కింద మాత్రం ఎవరూ లేరా? పిల్లలున్నారుగా. పిల్లలు ఆ మ్యూజియం గుడ్లతోనే ఆమ్లెట్ వేసేస్తారు. తిన్న పెద్దలంతా మంచం పడతారు. ఇక కొండలెక్కి కోళ్ళని వెతికే పని డొనాల్డ్ నెత్తిన పడుతుంది. మన ఫెస్ట్‌లో కుర్చీలు ఎవరు మోస్తారో తెలిసిన ఫస్టియర్ వాళ్ళకి ఈ సీను నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

పొగమంచులో దాగున్న ఆ ఊళ్ళో అన్నీ చదరమే. గుండ్రటి బుడగ ఊదడం అక్కడ నేరం. చూయింగ్ గమ్‌తో దొరికిపోయిన పిల్లలు ఎలా బయటపడతారో చెప్పను. చివరికి డొనాల్డ్ అన్ని కష్టాలు పడి రెండు చదరపు కోళ్ళని తెస్తాడు. రెండూ పుంజులే!

"ఈ డిస్నీ మామూలోడు కాదు బాబాయ్, నవ్విస్తూనే ఎక్కడో గుచ్చుతున్నాడు" అన్నా. "మరి? సంతకం చూడు" అన్నాడు బాబాయి. మొదటి పేజీలో వాల్ట్ డిస్నీ అని సాగదీసిన సంతకం ఉంది. ఇద్దరం అదే నమ్మాం. బాబాయి అయితే ముప్పై ఏళ్ళుగా నమ్ముతున్నాడు.

రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో వెతికా. ఆ కథ రాసి, గీసిన మనిషి కార్ల్ బార్క్స్. 1901లో ఆరెగన్‌లో పుట్టాడు. వినికిడి సరిగ్గా లేదు. డిస్నీ స్టూడియోలో కొన్నేళ్ళు పనిచేసి 1942లో బయటికొచ్చేశాడు. ఆ తర్వాత 1966లో రిటైరయ్యేదాకా ఇంట్లో కూర్చుని బాతుల్ని గీశాడు. స్క్రూజ్ మామ కూడా 1947లో ఈయన పుట్టించినవాడే. ఆండీస్ లాంటి దూరాల కోసం నేషనల్ జియోగ్రఫిక్ సంచికలు ముందేసుకునేవాడట. ఆయన భార్య గారె అక్షరాలు రాసిపెట్టేది, వెనక దృశ్యాలకి ఇంకు పెట్టేది. పుస్తకం మీద ఆమె పేరూ లేదు, ఈయన పేరూ లేదు. కంపెనీ పద్ధతే అంత. లక్షల కాపీలు, ఒక్కోటి 10 సెంట్లు, పేరు మాత్రం ఒకటే.

ఆ కాలంలోనే అమెరికాలో పెద్దవాళ్ళు కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని గోల చేశారు. 1954లో సెనేట్‌లో విచారణ కూడా జరిగింది. మా తాతయ్య కూడా బాబాయి ట్రంకు పెట్టె గురించి అదే తీర్పు ఇచ్చాడని విన్నా.

కానీ పిల్లలు మాత్రం కనిపెట్టేశారు. అదే పుస్తకాల్లో వేరేవాళ్ళు గీసిన బాతులు కూడా వచ్చేవి. ఏ బాతు ఎవరిదో చెప్పే ఆధారం ఏదీ లేదు. అయినా ఆ పిల్లలు గీత చూసి పోల్చుకుని, పేరు తెలియక ఆయనకి 'మంచి బాతు ఆర్టిస్టు' అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. మా అమ్మమ్మ పత్రిక తిరగేస్తూ సంతకం చూడకుండానే "ఇది బాపు బొమ్మ" అనేస్తుంది, అలాగన్నమాట. చివరికి 1960 ప్రాంతంలో ఒక అభిమాని ఎలాగో అడ్రసు సంపాదించి ఉత్తరం రాస్తే, బార్క్స్ నమ్మలేదట. తెలిసినవాడెవడో ఆటపట్టిస్తున్నాడనుకున్నాడట. అప్పటికి దాదాపు అరవై ఏళ్ళ మనిషి.

అక్కడ ఫోన్ పక్కన పెట్టేశా. ఇది మీకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించా.

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌కి మేం నలుగురం ఒక గేమ్ చేశాం. ఒక కాకి కరెంటు తీగలకి తగలకుండా ఎగరాలి, అంతే. కోడ్ మాది. బొమ్మలన్నీ నా రూమ్మేట్‌వి. కాకి, స్తంభాలు, టీ కొట్టు, కొట్టు ముందు కుక్క, అన్నీ వాడు రెండు వారాలు రాత్రిళ్ళు ఫోన్‌లో వేలితో గీశాడు. వాడు మెకానికల్. టీమ్‌లో నలుగురే ఉండాలి, అదీ మా బ్రాంచ్ వాళ్ళే అని రూలు. సరే, రూలే. కానీ చివరి స్లైడ్‌లో థాంక్స్ అని ఒక లైను పెట్టడానికి ఏ రూలూ అడ్డం లేదు. నేను పెట్టలేదు. మర్చిపోయానని చెబితే అబద్ధం. గుర్తొచ్చింది, ఎవరు అడుగుతారులే అనుకున్నా.

అడిగారు. "బొమ్మలు చాలా బాగున్నాయి, ఎవరు చేశారు?" అన్నారు సార్. "టీమ్ వర్క్ సార్" అన్నా. రూమ్మేట్ వెనక బెంచీలో ఉన్నాడు. తన కాకిని ప్రొజెక్టర్ మీద చూసుకుందామని క్లాసు ఎగ్గొట్టి మరీ వచ్చాడు. సాయంత్రం ఏమైనా అంటాడేమో అని చూశా. "మెస్‌కి వస్తున్నావా, చల్లారిపోతుంది" అన్నాడు. అంతే. తర్వాత కూడా ఏమీ అనలేదు.

హైదరాబాద్‌లో ఆ రాత్రే లాప్‌టాప్ తెరిచి, గేమ్ మొదలవగానే పెద్ద అక్షరాల్లో వాడి పేరు కనిపించేలా పెట్టా. మా నలుగురి పేర్లూ దాని కింద. గిట్‌హబ్‌లో కూడా రాశా. పొద్దున్నే ఫోన్ చేసి సారీ చెప్పా. చదరపు గుడ్ల సంగతీ, ఆ ఉత్తరం సంగతీ అంతా గబగబా చెప్పేశా. కాసేపు అటునుంచి మాట లేదు. వాళ్ళూళ్ళో కోడి కూస్తున్నట్టుంది.

"పేరు తీసెయ్ రా" అన్నాడు.

"ఎందుకు?"

"రెండో లెవెల్లో కాకిని నువ్వు అడ్డంగా సాగదీశావు. మెడ చూడు, కొంగలా ఉంది. ఆ రోజు ప్రొజెక్టర్ మీద చూసి తల కొట్టుకున్నా. అది సరిచేసి అప్పుడు పెట్టు నా పేరు."

చూస్తే నిజమే. స్క్రీన్ సైజు మారినప్పుడల్లా ఆ మెడ సాగుతోంది. నాలుగు రోజుల నుంచి ఆ బగ్ మీదే కూర్చున్నా.