లెన్సు కొత్తది, బాకీ పాతది

హిందూపురం,
ఆదివారం రాత్రి

ఒరేయ్,

లెన్సు మార్చేశాను. ఎర్ర తెర పోయింది. సీడీ పెట్టి ట్రే మూస్తే మన ప్లేస్టేషన్ టూ గుర్రుమని తిరిగి, కాసేపు తటపటాయించి, ఆట ఎత్తుకుంటోంది. నువ్వు నవ్వుతున్నావని తెలుసు. మిక్సీ విప్పి బిగిస్తే స్క్రూలు మిగిల్చేవాడు లెన్సు మార్చాడంటే ఎవడు నమ్ముతాడు, అంతేనా? నవ్వుకో. నవ్వడం అయ్యాక నిదానంగా చదువు. ఇందులో నీ బాకీ ఒకటుంది. దాని దగ్గరికి చివర్లో వస్తా.

ముందు ఊరి సంగతులు. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గలేదు. నీతో ఫోన్లో ‘బాగుండా నాయనా’ అంటుంది గానీ మిద్దె ఎక్కడం మానేసింది. నేను చెప్పానని మాత్రం చెప్పొద్దు. చింతపండు మార్కెట్టుకు బస్తాలు దిగుతున్నాయి, ఆ వీధిలో నడిస్తే ఇప్పటికీ నోట్లో నీళ్లూరతాయి. ఎండ అప్పుడే మొదలైంది. మన గేమ్ పార్లరున్న కొట్లో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మనం గోడ మీద గీసిన స్కోర్లన్నీ సున్నం కిందికి పోయాయి. నీ పేరు పక్కన ఎప్పుడూ చిన్న అంకెలే ఉండేవి కాబట్టి నీకు పెద్ద నష్టమేం లేదులే.

ఆ పార్లరాయన కొట్టు ఎత్తేసేటప్పుడు మనం నలుగురం డబ్బులేసుకుని కొన్నాం చూడు, ఆ లావు మోడలే ఇది. పెళ్లిళ్లు, ఉద్యోగాలంటూ తలా ఒక దిక్కు పోయినప్పుడు మిషన్ నా దగ్గర ఉండిపోయింది, సీడీలు మాత్రం పంచుకున్నాం. అప్పుడది న్యాయంగానే తోచింది. అరకొర సీడీలతో మిషన్ ఒకడికి, మిషన్ లేని సీడీలు ముగ్గురికి! ఇంతకన్నా తెలివైన పంపకం మన జిల్లాలో ఇంకెవరైనా చేసుంటారా?

జపాన్‌లో 2000 మార్చి 4న బయటికొచ్చిన సరుకు ఇది. 2013లో తయారీ ఆపేసేనాటికి ప్రపంచమంతా కలిపి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అన్ని కోట్లలో మనదొకటి, అదీ కాపీ సీడీలు ఆడేలా చిప్ వేసింది. రోజుకు పది పన్నెండు గంటలు పార్లర్లో కూలి చేసి మన దగ్గరికి వచ్చింది. ఆ వయసులో చూపు మందగించకపోతేనే ఆశ్చర్యం.

మొదట నీలం అడుగున్న సీడీలు చదవడం మానేసింది. వెండి రంగువి మాత్రం చక్కగా చదివేది. ఇదేం పక్షపాతం అనుకున్నా. తర్వాత తెలిసింది, నీలం అడుగున్నవి నిజంగా సీడీలు, వెండివి డీవీడీలు. మనం రెంటినీ సీడీలనే అంటాం గానీ మిషన్‌కు ఆ తేడా పట్టింపే. సీడీకి 780 నానోమీటర్ల కిరణం కావాలి, అది కంటికి ఆనదు. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర కిరణం కావాలి. ఒకటి నీరసిస్తే ఒక రకం సీడీలే మొరాయిస్తాయి. కొన్నాళ్లకు రెండోదీ దాని బాటే పట్టింది. ఇక ఏది వేసినా ఎర్ర తెర, దాని మీద ప్లేస్టేషన్ సీడీ పెట్టమని ఆ చల్లటి విన్నపం.

పాఠం చెప్తున్నానని విసుక్కోకు. పార్లర్లో సీడీ ఆగినప్పుడల్లా ‘ఏం లేదురా, దుమ్ము’ అని మూత తీసి ఊది, లెన్సు నిండా తుంపర్లు చల్లినవాడివి నువ్వే కదా. దుమ్ము కూడా నిజమేలే. మన వైపు వాన తక్కువ, గాలి ఎక్కువ. కడ్డీల మీద గ్రీజు ఎండి గట్టిపడింది. పైగా చిప్ వేసిన మిషన్ కాబట్టి దాని బతుకంతా బర్న్ చేసిన సీడీల మీదే గడిచింది. అవి లెన్సును తినేస్తాయని పార్లరాయన అప్పుడే అనేవాడు. ఆ సీడీలు యాడివో గుర్తు చేయాలా? ప్యాసింజరెక్కి బెంగళూరు పోయి, మెజెస్టిక్ చుట్టుపక్కల బేరమాడి తెచ్చి, మీ ఇంట్లో ఎంసెట్ మెటీరియల్ అని చెప్పినవి.

ఇక ఆపరేషన్. స్క్రూలు అడుగున చిన్న చిన్న మూతల కింద దాక్కుని ఉంటాయి. అవి తీసి, మిషన్ని మళ్లీ తిరగేసి, పై డొప్ప మెల్లగా లేపాలి. మెల్లగా అని ఎందుకంటున్నానంటే, ముందున్న పవర్ బటన్ నుంచి సన్నటి రిబ్బన్ వైరు లోపలికి పోతుంది. లాగితే తెగుతుంది. డ్రైవు మూత తీస్తే దాని లోపలి వైపు గుండ్రటి బిళ్ల ఒకటి, అయస్కాంతంతో పట్టేది. తిరిగే సీడీని పైనుంచి పట్టి ఉంచేది అదే. కింద రెండు ఉక్కు కడ్డీలు, వాటి మీద ముందుకూ వెనక్కూ జారే లెన్సు. అంత పెద్ద డబ్బా, అంత బరువు, అందులో అసలు చూసే కన్ను మాత్రం కందిగింజంత.

కొత్త లెన్సు బెంగళూరు ఎస్.పి. రోడ్డు నుంచి తెప్పించా. దాని మీద చిన్న సోల్డర్ చుక్క ఉంది. దారిలో ఎవరి వేలైనా తగిలి స్టాటిక్ కరెంటుతో కిరణం చచ్చిపోకుండా రెండు కొసలు కలిపి పెడతారట. బిగించి, రిబ్బన్ దూర్చాక ఆ చుక్కను కరిగించి తీసేయాలి. తీయకపోతే కొత్త లెన్సూ గుడ్డిదే. ఈ సంగతి చెప్పింది మా వీధి సెల్‌ఫోన్ రిపేరు పిల్లోడు. చుక్క తీసిందీ వాడే. ‘అట్ల చెప్పు మరి’ అంటున్నావు కదా? అన్నీ నా చేత్తోనే చేశానని నేనెప్పుడన్నా? లెన్సు మార్చేశానన్నా, అంతే.

నా చేత్తో చేసింది తెల్ల చక్రం పని. లెన్సు పక్కన పళ్లున్న చిన్న ప్లాస్టిక్ చక్రం ఉంటుంది. ఒక్కో పన్ను తిప్పితే లెన్సు వంపు వెంట్రుకవాసి మారుతుంది. ముందు అది ఎక్కడుందో మార్కరుతో గీత పెట్టుకోవాలి, లేదంటే పాత చోటికి తిరిగి రావడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు. గీత పెట్టి, ఒక పన్ను అటు. మూత మూయడం, సీడీ వేయడం, ఎర్ర తెర. ఒక పన్ను ఇటు. మళ్లీ మూయడం, మళ్లీ వేయడం, మళ్లీ ఎర్ర తెర. మా ఆవిడ వాకిట్లో నిలబడి చూసి, ‘ఈ ఓపికలో సగం ఆ స్టవ్వు బర్నరు మీద పెట్టింటే’ అని, మాట పూర్తి చేయకుండానే పోయింది. చివరికి నా వాటాకు వచ్చిన క్రికెట్ 07 చదివింది. 2006లో వచ్చిన ఆట. అందులో ఆడేవాళ్లంతా ఇప్పుడు కామెంటరీ చెప్పే వయసుకొచ్చారు, తెర మీద మాత్రం ఇంకా కుర్రాళ్లే.

ఇప్పుడు నువ్వు అడగబోయేది నాకు తెలుసు. ఫోన్లోనే ఆడుకోవచ్చు కదా, లేదా ఆ డ్రైవే పీకి పారేయొచ్చు కదా అని. పారేయొచ్చు. లోకమంతా చేస్తున్నది అదే. సెగా డ్రీమ్‌కాస్ట్ డ్రైవు ఊడదీసి ఆ జాగాలో జీడీఈఎంయూ అనే బోర్డు బిగించి, ఎస్‌డీ కార్డు నుంచి ఆటలు ఆడుతున్నారు. మొదటి ప్లేస్టేషన్‌కు ఎక్స్‌స్టేషన్ అని అట్లాంటిదే ఉంది. మన లావు మోడల్‌కైతే అంత కోత కూడా అక్కర్లేదు. వెనకున్న ఖాళీలో నెట్‌వర్క్ అడాప్టరు పెట్టి, దానికి హార్డ్ డిస్కు తగిలిస్తే చాలు. ముందున్న యూఎస్‌బీకి పెన్‌డ్రైవు గుచ్చినా నడుస్తుంది గానీ అది పాత 1.1 రకం, వీడియోలొచ్చే చోట నత్తనడక. హార్డ్ డిస్కైతే లెన్సు అరగదు, సీడీకి గీతలు పడవు, ఒక్క రాత్రిలో వంద ఆటలు ఇంట్లోకి వచ్చేస్తాయి. ఇన్ని తెలిసీ లెన్సే ఎందుకు కొన్నట్టు?

ఇదే మాట ధర్మవరం బావ కూడా అడిగాడు. రెజ్లింగ్ సీడీ వాడి వాటాలో ఉంది కదా, దానికోసం పోయినప్పుడు. వాళ్ల మగ్గం మీద జకార్డు అట్టలు వేలాడుతుండేవి గుర్తుందా? చిల్లులు కొట్టిన అట్టలు వరసగా కుట్టి ఉండేవి. చిల్లున్న చోట ఒక దారం లేస్తుంది, లేనిచోట లేవదు, అట్ల అట్ట వెంబడి అట్ట అంచులో హంసలు దిగుతాయి. ఫ్రాన్సులో 1804లో జకార్డు అనే ఆయన తెచ్చిన పద్ధతి. మన సీడీ మీది గుంటల్ని లెన్సు చదవడమూ ఆ తంతే. ఇప్పుడు బావ మగ్గం మీద అట్టలు లేవు, ఎలక్ట్రానిక్ పెట్టె ఉంది. డిజైను పెన్‌డ్రైవులో వస్తుంది. ‘అట్ట చినిగితే హంస తల పోతా ఉండె. ఇప్పుడా బాధే లేదు. నీ లెన్సు గోలా అంతే, పీకి పారేయప్పా’ అన్నాడు.

నా దగ్గర జవాబు లేదనుకున్నావా? ‘బావా, ముందు ఆ అట్టలు కొట్టించుకునే చోటికి వారం వారం పోయి టీ తాగి, లోకమంతా మాట్లాడి వచ్చేవాడివి కదా. ఇప్పుడు పోతున్నావా?’ అని అడిగా. ‘ఎందుకు పోతా? డిజైను వాట్సాప్‌లో పంపిస్తాడు’ అన్నాడు. అని, ఆగి, ‘ఆయప్పను చూసి చానా దినాలాయె’ అన్నాడు. బావకైతే అది తిండి పెట్టే మగ్గం, ఒక పూట ఆగితే చీర ఆగుతుంది. పెట్టె పెట్టుకోవడమే మంచిది, కాదనను. నాది ఆట. ఆట ఒక పూట ఆలస్యమైతే ఎవరి చీర ఆగుతుంది?

నేను చెప్పినట్టు, మిషన్ ఒక చోట, మిగతా సీడీలు మూడు చోట్ల. లెన్సు పని చేస్తేనే ఆ సీడీలకు విలువ. హార్డ్ డిస్కు పెట్టుకున్న మరుక్షణం నాకు ధర్మవరంతో పని లేదు, పెనుకొండతో పని లేదు, ఉన్న మాట చెప్పాలంటే నీతోనూ పని లేదు. నా సోమరితనం నీకు తెలుసు కదా. పని లేకపోతే నేను గడప దాటే మనిషినా? అందుకే సీడీ అడిగే మిషన్నే ఉంచుకున్నా. అది అడుగుతుంది కాబట్టి నేను పోతున్నా.

పెనుకొండ సంగతి కూడా విను. శాన్ ఆండ్రియాస్ సీడీ మామ దగ్గరుంది. సోమందేపల్లి మీదుగా బస్సులో పోయా. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చాక ఆ రోడ్డు నువ్వు గుర్తుపట్టలేవు. మామ మాత్రం ఏం మారలేదు. 1565లో తళ్లికోట యుద్ధం అయినాక రాజధాని పెనుకొండకే వచ్చిందని, హిందూపురం వాళ్లు తమ దగ్గరికి అడుక్కోవడానికి రావడం మామూలేనని మొదలుపెట్టాడు. గగన్ మహల్ చూపిస్తే గానీ సీడీ ఇవ్వనన్నాడు. ఎన్నిసార్లు చూశాం రా ఆ మహల్‌ను? అయినా పోయాం. సీడీ ఇచ్చేటప్పుడు అడుగు వైపు దీపం వెలుతురుకు పట్టి, ‘ఈ గీత నువ్వే పెట్టినావు’, ‘కాదు నువ్వే’ అని పాత తగువు మళ్లీ వేసుకున్నాం. మధ్యాహ్నం ముద్దా, వేరుశనగ చెట్నీ. రాత్రి బస్సుకు గానీ వదల్లేదు.

ఇక నీ బాకీ. ‘హనుమాన్: బాయ్ వారియర్’ ఎక్కడుంది? 2009లో వచ్చింది, హైదరాబాదులో ఔరోనా టెక్నాలజీస్ వాళ్లు చేశారు. మన దగ్గరున్న సీడీలన్నిట్లో బిల్లుతో కొన్న ఒరిజినల్ అదొక్కటే. అప్పటి మన రాజధానిలో చేసిన ఆట మన టీవీలో ఆడుతోందని ఎంత మురిసిపోయాం! దేవుణ్ని రిమోట్‌తో ఆడించడమేమిటని అమెరికాలో ఒక హిందూ నాయకుడు అభ్యంతరం చెప్పాడని విని, నువ్వు రిమోట్ పట్టుకునే ముందు దండం పెట్టుకునేవాడివి. పెట్టుకుని, మొదటి మెట్టులోనే చచ్చేవాడివి.

‘ఆ ఆట అంత బాగుండదులేరా’ అంటావు. బాగుందని నేనన్నానా? అయినా నీ దగ్గర అది దేనికి పనికొస్తుంది చెప్పు. నీకు మిషన్ లేదు. నువ్వుండే డాలస్‌లో పాత పీఎస్ టూ కొన్నా మన దేశం సీడీ అందులో ఆడదు, ప్రాంతాల వారీగా తాళం వేసి పెట్టారు. కొరియర్ చేస్తానని బేరం పెట్టకు. ధర్మవరం వాడు ఇంటికి పోతే గానీ ఇవ్వలేదు, పెనుకొండ వాడు మహల్ చూపిస్తే గానీ ఇవ్వలేదు, నీకు మాత్రం ఎందుకు మినహాయింపు? ఉగాదికి రా. మీ అమ్మ మోకాలూ చూసినట్టుంటుంది.

ఇంకోమాట. 8 ఎంబీ మెమరీ కార్డులో నీ సేవులు అట్లే ఉన్నాయి, చానా జాగా తింటున్నాయి. నాకిప్పుడు జాగా కావాలి. శాన్ ఆండ్రియాస్‌లో నువ్వు చీట్ కోడ్లు కొట్టి కూడబెట్టిన ఆస్తి అంతా అందులోనే ఉంది. ఉగాది దాకా ఆగుతా. ఆ మరుసటి రోజు పొద్దున టీ తాగి డిలీట్ కొడతా. మామను, బావను సాక్షులుగా పిలిచా, ఇద్దరూ వస్తామన్నారు.

ఇట్లు,
నీ మిషన్ కావలివాడు