అరకుకు ముందు ఆటోనగర్

సొంత కారు కొన్న రోజు ఎవరికైనా గుర్తుంటుంది. దానికి పెద్ద సర్వీసు ఎప్పుడు చేయించాలన్నది మాత్రం చాలామందికి గుర్తుండదు. గుర్తున్నా, "ఈ నెల కాదులే, పంట డబ్బు రానీ" అని పక్కన పెడతాం. నేనూ అలా పక్కన పెట్టినవాణ్ణే. 2024 జనవరిలో మా దివిసీమ నుంచి అరకు లోయకు వెళ్ళి వచ్చాం. ఆ ప్రయాణం నాలోని ఆ అలవాటును మాన్పించింది. పల్లెల్లో పాత కార్లు ఉంచుకున్న కుటుంబాలకు పనికి వస్తుందని ఆ సంగతి రాస్తున్నాను.

మాది అవనిగడ్డకు దగ్గర్లో ఒక పల్లె. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. రెండెకరాల వరి చేను, 2014లో కొన్న చిన్న కారు, ఇవీ మా ఆస్తిపాస్తులు. మా రెండో అమ్మాయి అరకులో నర్సుగా పనిచేస్తోంది. అల్లుడి ఉద్యోగమూ అక్కడే. అమ్మాయికి తొలి కాన్పు, ఏడో నెల. పుట్టింటికి తీసుకురావాలి. రైళ్ళూ బస్సులూ మారుతూ అంత దూరం రావడం ఆమెకు కష్టం. "కారయితే మధ్య మధ్య ఆగుతూ, నెమ్మదిగా తీసుకువెళ్ళండి" అని డాక్టరమ్మ చెప్పారు.

డబ్బు సంగతి చూస్తే అంతంత మాత్రమే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కృష్ణా డెల్టాలో కోతకు వచ్చిన వరి నేలకు ఒరిగింది. కోసిన పనలు నీళ్ళల్లో తేలాయి. మా చేను కూడా అందులోదే. తడిసిన ధాన్యం ఎప్పుడు అమ్ముడవుతుందో తెలియదు. కాన్పు ఖర్చుకని విడిగా దాచిన ముప్పై వేలు మాత్రం బ్యాంకులో కదలకుండా ఉన్నాయి.

కారు మీటరు 96,400 చూపిస్తోంది. లక్ష కిలోమీటర్ల దగ్గర పెద్ద సర్వీసు, టైమింగ్ బెల్టు మార్పు ఉంటాయని నాకు తెలుసు. కాగితం మీద లెక్క వేశాను. అరకుకు పోనూ రానూ వెయ్యి కిలోమీటర్లు దాటితే కొంచెం. తిరిగి వచ్చినా లక్షకు ఇంకా రెండు వేలు మిగులుతుంది.

"వచ్చాక చేయిద్దాం. అప్పటికి ధాన్యం డబ్బు పడుతుంది" అన్నాను.

మా ఆవిడ ఏమీ అనలేదు. కారులోంచి బండి పుస్తకం తీసుకొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"ఏమండీ, ఇక్కడ కిలోమీటర్లు ఒక్కటే రాయలేదు. పక్కన ఏళ్ళు కూడా రాశారు. రెండింటిలో ఏది ముందు వస్తే అది అంటున్నారు. మన బండి కొని తొమ్మిదేళ్ళు దాటిందిగా?"

ఆ ఏళ్ళు ఎప్పుడో దాటిపోయాయి. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాడికి ఆ వరుస కనబడలేదు! కనబడలేదనడం కూడా నిజం కాదు. డబ్బు తీయడం ఇష్టం లేక, నాకు అనుకూలమైన అంకె ఒక్కటే చూసుకున్నాను.

మర్నాడు పట్నంలో ఒక పెద్ద సర్వీసు సెంటరుకు వెళ్ళి అడిగాం. కంప్యూటరులో కొట్టి ఇరవై నాలుగు వేలు అన్నారు. అందులో బెల్టు ఉంది, ఆయిళ్ళు ఉన్నాయి. వాటితోపాటు ఇంజను లోపలి శుభ్రం, బండికి పాలిష్, ఏసీకి మందు కొట్టడం కూడా ఉన్నాయి. టైర్ల ఊసు మాత్రం లేదు. వాళ్ళు మోసం చేశారని నేను అనను. అయితే ఏది తప్పనిసరో, ఏది ముస్తాబో విడమరిచి చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేదు. ఆ రాత్రి బాగా ఆలోచించి విజయవాడ ఆటోనగర్‌కు వెళ్దామనుకున్నాం. మా తోటి ఉపాధ్యాయుడు ఒకాయన అక్కడి మేస్త్రీ ఒకరి దగ్గర ఇరవై ఏళ్ళుగా బండి చేయిస్తున్నాడు.

తెల్లవారుజామున బయలుదేరి మోపిదేవి, చల్లపల్లి, కూచిపూడి దాటి పామర్రు దగ్గర పెద్ద రోడ్డు ఎక్కాం. దారి పొడవునా చేలల్లో తడిసిన పనలను గట్ల మీద ఆరబోసి ఉంచారు. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్లు అడ్డం వచ్చాయి. కంకిపాడు దాటాక పల్లె వాసన పోయి పట్నం వాసన మొదలయింది.

ఆటోనగర్ చూడని వాళ్ళు ఒకసారి చూడవలసిన చోటు. అదొక ఊరు, అయితే ఆ ఊళ్ళో కాపురస్తులంతా బళ్ళే. ఒక వీధిలో లారీలకు బాడీలు కడుతుంటారు. చెక్క కోసే చప్పుడు ఒక వైపు, ఇనుము వెల్డింగు మెరుపులు ఇంకో వైపు. మరో వీధిలో కమాను కట్టలు సరిచేస్తారు. ఇంకో వీధిలో రేడియేటర్లు, ఆ పక్కన బ్యాటరీలు, ఆ వెనక లేతు మిషన్లు. నేల నల్లగా, ఆయిల్ పీల్చుకుని మెత్తగా ఉంటుంది. పేరు రాయని కొత్త లారీ ముందు ఒక కుర్రవాడు నిచ్చెన ఎక్కి పూలతీగ గీస్తున్నాడు. విడిచిన సామాను గుట్టల పక్కనే ఇడ్లీ బండి. అక్కడే నిలబడి తిన్నాం. ఆ రుచి ఇప్పటికీ మరచిపోలేదు.

మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. అడగ్గానే ధర చెప్పలేదు. ముందు, "ఎక్కడికి వెళ్తున్నారు మాస్టారూ?" అని అడిగాడు. అరకు అన్నాం. "తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఎవరుంటారు?" అన్నాడు. మా ఆవిడ చెప్పింది. అతను చేతులు తుడుచుకుని, "అయితే అన్నీ విప్పి చూపిస్తానమ్మా. చూశాక మీరే చెప్పండి, ఏం చెయ్యమంటారో" అన్నాడు.

పక్క మూత విప్పగానే టైమింగ్ బెల్టు కనబడింది. వెడల్పు రెండు వేళ్ళు కూడా ఉండదు. లోపలి వైపు పళ్ళున్న రబ్బరు పట్టీ. ఇంజను కింది ఇరుసును, పైన వాల్వులను ఆడించే ఇరుసును కలిపేది అదే. కిందిది రెండు చుట్లు తిరిగితే పైది సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా కాపాడేది ఈ పట్టీ. ఇది తెగితే ఇంజను ఆ క్షణంలోనే ఆగిపోతుంది. కొన్ని ఇంజన్లలో అయితే తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్లు వచ్చి గుద్దుతాయి. అప్పుడు వేలతో పోయే పని కాదు, ఇంజను పైభాగం మొత్తం విప్పవలసి వస్తుంది. అన్ని కార్లకూ ఈ బెల్టు ఉండదు. కొన్నింటికి గొలుసు ఉంటుంది. మీ బండికి ఏది ఉందో పుస్తకం చూసి తెలుసుకోండి.

మేస్త్రీ బెల్టును వెనక్కి మడిచి చూపించాడు. వేసవిలో ఎండిన చెరువు అడుగులా సన్నని బీటలు. "ఇంకా పదివేలు తిరగొచ్చు, రేపే తెగొచ్చు. ఇది చెప్పి తెగదమ్మా. రబ్బరుకు బండి తిరిగినా వయసొస్తుంది, షెడ్డులో నిలబెట్టినా వయసొస్తుంది" అన్నాడు.

తర్వాత బ్రేక్ ఆయిల్. కొత్తది లేత రంగులో ఉంటుంది, మాది టీ కషాయంలా ఉంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు పదే పదే బ్రేకు తొక్కితే ఆ వేడికి లోపల బుడగలు పుట్టి, పెడలు కిందికి జారిపోతుంది. ఊళ్ళో తిరిగినంత కాలం ఆ లోపం తెలియనే తెలియదు.

టైర్ల మీద గీతలు బాగానే ఉన్నాయి. అందుకే నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు. మేస్త్రీ పక్క గోడ మీద నాలుగు అంకెలు చూపించాడు: 1417. అంటే 2017లో పద్నాలుగో వారంలో తయారయింది. ఆరేళ్ళు దాటింది. వంచి చూస్తే గీతల మధ్య పగుళ్ళు. ఈ నాలుగు అంకెలు ప్రతి టైరు మీదా ఉంటాయి. సెకండ్ హ్యాండు బండి కొనేవాళ్ళు ఇవి చూడకుండా బేరం చేయవద్దు.

అన్నీ చూశాక మేస్త్రీ ఒక అట్టముక్క మీద రెండు వరుసలు రాశాడు. ఒక వైపు ఇప్పుడే చేయవలసినవి: బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే బేరింగు, వెనక ఆయిల్ సీళ్ళు, బ్రేక్ ఆయిల్, వెనక బ్రేకు షూలు, కూలెంటు, గేర్ ఆయిల్, నాలుగు టైర్లు. బెల్టు కోసం ఎలాగూ విప్పుతారు కనుక బేరింగూ సీళ్ళూ అప్పుడే మార్చితే మళ్ళీ విప్పే కూలి తప్పుతుంది. రెండో వైపు ఆగగలిగినవి: ఏసీ, కారని షాక్ అబ్సార్బర్లు, తలుపు మీది సొట్ట, సీటు కవర్లు, పాలిష్.

"ఎలా విడదీశావు?" అని అడిగాను.

"మూడు మాటలు అడుగుతాను మాస్టారూ. చెడే ముందు చెబుతుందా? చెడితే దాంతో ఇంకేం చెడుతుంది? ఎక్కడ చెడుతుంది? ఏసీ చెడితే అద్దం దించుకుంటారు. ఘాట్ దిగుతుంటే బెల్టు తెగిందనుకోండి, ఇంజను ఆగుతుంది. ఇంజను ఆగితే బ్రేకుకు దాని సాయం పోతుంది. రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడలు రాయి అవుతుంది."

ఆ తర్వాత నేను బేరం ఆడలేదు. టైర్లు పన్నెండు వేలు, మిగతా పని అంతా తొమ్మిది వేల రెండు వందలు. మొత్తం ఇరవై ఒక్క వేల రెండు వందలు. సర్వీసు సెంటరు చెప్పినదానికి పెద్ద తేడా లేదు. కాని అక్కడ పాలిష్‌కు పోయే డబ్బు ఇక్కడ టైర్లకు వెళ్ళింది. బెల్టు కొనేటప్పుడు కట్టు విప్పని పెట్టె తెప్పించి, నంబరు పుస్తకంతో సరిచూశాం. పాత సామాను తిరిగి అడిగి తీసుకున్నాం. ఇవి రెండూ ఎక్కడ చేయించినా పాటించవలసిన పద్ధతులు.

సాయంత్రం డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే నా చెయ్యి వణికింది. అది కాన్పు డబ్బు. మా ఆవిడే అంది: "దాని కాన్పు కోసం దాచాం, దాన్ని క్షేమంగా తేవడానికి పెట్టాం. రెండూ ఒకటే."

బండిని వారం రోజులు ఊళ్ళో తిప్పి, ఏ చప్పుడూ లేదని చూసుకుని బయలుదేరాం. పని చేయించిన మర్నాడే దూర ప్రయాణం పెట్టుకోవద్దని మేస్త్రీ చెప్పాడు. బిగించిన దాంట్లో పొరపాటు ఉంటే ఇంటి దగ్గరే బయటపడాలి. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి దాటి, తునిలో భోంచేసి, రాత్రికి విశాఖపట్నంలో బంధువుల ఇంట్లో ఆగాం. మర్నాడు శృంగవరపుకోట దాటగానే కొండలు ఎదురొచ్చాయి. అక్కడినుంచి దారి చుట్టలు చుట్టలుగా అనంతగిరి మీదికి ఎక్కుతుంది. పొడవాటి చెట్ల నీడన కాఫీ తోటలు, చెట్ల మొదళ్ళకు అల్లుకున్న మిరియాల తీగలు. గాలికొండ దగ్గర ఆగి కిందికి చూస్తే, మేము ఎక్కి వచ్చిన దారి ఆకుల మధ్య దారప్పోగులా కనబడింది. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున అరకు లోయ. మా దివిసీమ వాళ్ళకు ఆ చలి కొత్త. ఇళ్ళ ముందు కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి.

రెండు రోజులుండి అమ్మాయితో దిగాం. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట. రెండో గేరులో, బ్రేకును తక్కువగా వాడుతూ దిగాను. ఒక మలుపులో ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. పెడలు తొక్కాను. బండి మెత్తగా నిలబడింది. వెనక సీట్లో తల్లి ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతున్న అమ్మాయి కళ్ళు కూడా తెరవలేదు. దారిలో చెప్పుకోదగ్గ సంఘటన ఏమీ జరగలేదు. పెద్ద సర్వీసుకు ఇచ్చిన డబ్బుకు వచ్చే ప్రతిఫలం ఇంతే. అందుకే ఇవ్వడానికి అంత బాధగా ఉంటుంది.

ముందే ఖర్చు పెట్టడం వల్ల మాకు ఇబ్బంది రాలేదని చెప్పను. కాన్పు నాటికి ధాన్యం డబ్బు పూర్తిగా రాలేదు. మా ఆవిడ చీటీని గడువుకు ముందే పాడుకుని మూడు వేలు నష్టపోయింది. అలాగని ప్రతి పాత బండికీ అడిగినంతా పెట్టమని కూడా నేను అనడం లేదు. రేపో మాపో అమ్మేసే బండికి, విలువను మించిన ఖర్చు చెబుతున్న బండికి లెక్క వేరు. అలాంటి బండిని దూర ప్రయాణానికి తీయకపోవడమే మంచిది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక డబ్బా ఉంది. నెలాఖరున మీటరు చూసి, తిరిగిన కిలోమీటరుకు రూపాయిన్నర చొప్పున అందులో వేస్తాం. వెయ్యి తిరిగితే పదిహేను వందలు. ఈసారి పుస్తకం అడిగే రోజుకు పంట కోసం ఎదురుచూడనక్కర లేదు. డబ్బా పక్కనే, చూసేవాళ్ళకు ఎందుకో అర్థం కాకుండా, బీటలు వారిన ఆ పాత బెల్టు మేకుకు వేలాడుతూ ఉంటుంది. మనవడు నిలబడడం నేర్చిన దగ్గరనుంచీ దాన్ని అందుకోవాలని చెయ్యి చాస్తున్నాడు.