పొడుగు మనిషి... పొట్టి కారు!

తెర మీద పొడుగు హీరో గుమ్మంలోంచి కాస్త తలవంచి లోపలికి వచ్చాడంటే నేల క్లాసులో ఈలలే ఈలలు! ఆ వంగడంలో ఉన్న అందం మీకందరికీ కనిపిస్తుంది. అందులో ఉన్న కష్టం మాత్రం పొడుగువాడికే తెలుసు. నాకు తెలుసు. ఎందుకంటే నా ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. హీరోని మాత్రం కాను!

సినిమా పత్రికలో ఈ ఎత్తుల గొడవేమిటంటారా? చెబుతాను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. 1993లో 'ప్రేమ పుస్తకం'లో మన తెలుగు తెర మీద హీరోగా కనిపించిన అజిత్ కుమార్, 2025లో తన సొంత జట్టుతో దుబాయ్ 24 గంటల రేసుకు వెళ్ళారు. మన నాగచైతన్య 2024లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ అనే రేసు జట్టుకు యజమాని అయ్యారు. ఇంకేం, రేసు కారు తిన్నగా సినిమా పేజీలోకి వచ్చేసింది! అప్పట్నుంచీ నా మిత్రులు ఒకటే పోరు... "నీకు కార్ల పిచ్చి కదా, నువ్వూ ఒకసారి రేసు కారు ఎక్కరాదూ?" అని.

ఎక్కాను బాబూ! ఎక్కడం కాదు, దిగడమే కుదరలేదు.

మాది తెనాలి పక్కన సంగం జాగర్లమూడి. గుంటూరు నుంచి తెనాలి పోయే రైలెక్కితే దార్లో తగులుతుంది. మా ఇల్లు పాత పెంకుటిల్లు. తాతగారి నాటి టేకు ద్వారబంధం. తాతగారు పొట్టి మనిషి. ఆయన తన కొలతకి గుమ్మం పెట్టించుకున్నారు. నాన్నేమో ఆరడుగుల రెండంగుళాలు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ నాన్న ఆ గుమ్మం దాటేటప్పుడు వంగుతూనే ఉన్నాడు. నేను ఇంటర్ చదివే రోజుల్లో రోజు విడిచి రోజు దానికి తల కొట్టుకునేవాణ్ణి. అమ్మ కొబ్బరినూనె రాస్తూ ద్వారబంధాన్ని తిట్టేది. నాన్న మాత్రం, "ఏందిరా, రవ్వంత వంగితే పోలా? గుళ్ళోకి పోయేటప్పుడు వంగటంలా?" అనేవాడు. అక్కడితో ఆ సంగతి సరి.

కార్ల పిచ్చి నాకు సినిమాల వల్లే అంటుకుంది. తెనాలి పక్కన బుర్రిపాలెంలో పుట్టిన సూపర్ స్టార్ కృష్ణగారు 'తేనె మనసులు' (1965)లో స్కూటరు మీద కారును తరుముకుంటూ పోయి, డూపు లేకుండా కారు మీదికి దూకారు. ఆ సాహసమే ఆయనకు 'గూఢచారి 116' తెచ్చిపెట్టింది. టీవీలో ఆ సీను వచ్చినప్పుడల్లా మా ఇంట్లో అన్నం కంచాలు ఆగిపోయేవి! నేనేమో పొలంలో ట్రాక్టరు నడుపుతూ నన్ను నేనే హీరోననుకునేవాణ్ణి. ట్రాక్టరుతో సుఖం ఏమిటంటే దానికి కప్పుండదు. పైన ఆకాశమే కప్పు. ఎంత పొడుగువాడికైనా అడ్డు లేదు.

తర్వాత గుంటూరు దగ్గర ఒక కాలేజీలో ఇంజనీరింగులో చేరాను. 2012లో, చివరి ఏడాది, మా క్లాసు కుర్రాళ్ళం కలిసి చిన్న రేసు కారు తయారుచెయ్యడానికి పూనుకున్నాం. ఫార్ములా స్టూడెంట్ అని విద్యార్థుల పోటీలుంటాయి. కారు గీసేదీ, కోసేదీ, అతికేదీ, నడిపేదీ అంతా విద్యార్థులే. డ్రైవరెవరంటే అందరి వేళ్ళూ నా వైపే తిరిగాయి. మాలో పదిహేనేళ్ళప్పట్నుంచీ స్టీరింగు పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే మరి! నాన్న ఆ కబురు ఊరంతా చెప్పేశాడు. రైల్వే స్టేషను దగ్గర టీ కొట్టులో కూడా "మావాడు రేసు కారు తోలబోతన్నాడు" అనే మాటే.

చట్రం అతికించింది గుంటూరు ఆటోనగర్‌లో. గొట్టాలన్నీ అతికి, రంగు వేసి, సీటు బిగించాక నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను. అంతా కాదు, సగమే! తుంటి దిగింది, మోకాళ్ళు మాత్రం స్టీరింగుకి కొట్టుకుని ఆగిపోయాయి. బలవంతాన లోపలికి తోస్తే నా గడ్డం మోకాళ్ళకి తగిలేంత దగ్గరికి వచ్చింది. చుట్టూ చేరిన వాళ్ళకి నవ్వాగలేదు. నాకూ ఆగలేదు, మొదట్లో.

అసలు రేసు కారు అంత ఇరుకుగా ఎందుకుంటుందో ఒక్క మాట చెబుతాను. వేగంగా పోయే బండికి ఎదురుగాలే పగవాడు. గాలికి ఎంత తక్కువ ఎదురునిలిస్తే అంత మేలు. బరువు ఎంత నేలకి దగ్గరగా ఉంటే మలుపులో బండి అంత నిలదొక్కుకుంటుంది. అందుకని డ్రైవర్ని కూర్చోబెట్టరు, దాదాపు పడుకోబెడతారు. స్నానాల తొట్లో కాళ్ళు చాపుకున్నట్టుంటుంది. అంగుళం పొడుగు పెరిగితే కప్పు పెరగాలి, చట్రం పెరగాలి, బరువు పెరగాలి. కారు గీసేవాడికి పొడుగు డ్రైవరంటే అందుకే గుండె దడ!

మా పోటీ నిబంధనల్లో ఒక అట్టబొమ్మ ఉంది. నూటికి తొంభై అయిదుమంది మగవాళ్ళకు సరిపోయే కొలత అది. తుంటికి 200 మిల్లీమీటర్ల చక్రం, భుజాలకు మరో 200, హెల్మెట్‌తో కలిపి తలకు 300. ఆ బొమ్మ కారులో పడితే పాసు. మా కారులో ఆ బొమ్మ దర్జాగా కూర్చుంది. కాని నిబంధన అక్కడితో ఆగదు. కారు బోర్లాపడితే డ్రైవర్ని కాపాడటానికి ముందొక కమాను, వెనకొక కమాను ఉంటాయి. ఆ రెండిటి పైకొసల మీద కర్ర ఆనిస్తే, నడిపేవాడెవడైనా సరే, వాడి హెల్మెట్ ఆ కర్రకి రెండంగుళాలు కిందుండాలి. నా హెల్మెట్ కర్రకి ఒక అంగుళం పైనుంది!

సీటు మెత్త తీసేశాం. తర్వాత సీటే తీసేసి పలచటి రేకు మీద కూర్చోబెట్టారు. పెడళ్ళు ముందుకి జరిపారు. చివరికి తల సర్దుకుంది. హమ్మయ్య అనుకున్నాం. అప్పుడు రేపల్లె కుర్రాడొకడు గడియారం పట్టుకుని, "మామా, ఇప్పుడు బయటికి రా!" అన్నాడు. మంటలంటుకుంటే డ్రైవరు అయిదు సెకండ్లలో బయటపడాలని నిబంధన. నేను మోకాళ్ళు విడిపించుకునేసరికి పదకొండు సెకండ్లయింది. రెండోసారి పది. మూడోసారి పన్నెండు! ఈసారి ఎవరూ నవ్వలేదు.

వెనక కమాను కోసి ఎత్తు పెంచుదామని స్నేహితులన్నారు. చేతిలో ఉన్నది మూడు వారాలు. గొట్టాలు అందరం చందాలు వేసుకుని కొన్నవి. ఒక రాత్రంతా ఆలోచించి, "కొయ్యొద్దురా. నువ్వు తోలు," అని రేపల్లె వాడికి చెప్పాను. వాడి ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. నాలుగు సెకండ్లలో బయటికి దూకేవాడు. పోటీలో వాడు కారు నడిపాడు, ఆగకుండా గమ్యం చేర్చాడు. నేను గడియారం పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను. కాని ఆ రాత్రి హాస్టలు మంచం మీద కాళ్ళు బయటికి వేలాడేసుకుని పడుకుంటే, ఈ లోకంలో ఏదీ నా కొలతకి చెయ్యలేదనిపించింది.

ఆ ఉక్రోషంలోనే నాలాంటి వాళ్ళెవరైనా ఉన్నారా అని వెతకడం మొదలుపెట్టాను. ఉన్నారు! 1966లో వచ్చిన 'గ్రాండ్ ప్రి' అనే హాలీవుడ్ చిత్రంలో హీరో జేమ్స్ గార్నర్ పొడగరి. ఆయన కోసం కారులో సీటు తీసేయాల్సి వచ్చింది. అచ్చం నాకు మల్లేనే! 'రష్' (2013)లో జేమ్స్ హంట్‌గా వేసిన క్రిస్ హెమ్స్‌వర్త్ రేసు కారులో పట్టడానికి ఒళ్ళు బాగా తగ్గించుకున్నాడు. ఇవి సినిమా కష్టాలు. అసలు రేసు డ్రైవర్ల సంగతి వినండి.

జస్టిన్ విల్సన్ అని ఇంగ్లాండువాడు. అచ్చంగా నా ఎత్తే, ఆరడుగుల నాలుగంగుళాలు. 2001లో ఫార్ములా 3000 ఛాంపియన్. 2002లో ఫార్ములా వన్‌లో ఒక జట్టు పిలిచింది. తీరా వెళ్ళి కూర్చుంటే పట్టలేదు! మరుసటి ఏడు మినార్డి జట్టు అతను పట్టేలా కారు సర్దింది. డబ్బు చాలకపోతే అతను తన మీద తానే షేర్లు అమ్ముకున్నాడు. అభిమానులు కొన్నారు. ఆ ఏడాది మలేసియా రేసులో మెడను కాపాడే పట్టీ భుజాల మీద నొక్కి నొక్కి చేతులు మొద్దుబారిపోయాయి. రేసు మధ్యలో ఆగిపోయాడు. అయినా స్టీరింగు వదల్లేదు. తర్వాత అమెరికా వెళ్ళి గెలుపులు సాధించాడు. 2015 ఆగస్టులో పొకొనో రేసులో ముందు కారు నుంచి విరిగిన ముక్క తలకి తగిలి, మర్నాడు కన్నుమూశాడు. పోతూ పోతూ అవయవాలు దానం చేసి పోయాడు. ఇది చదివిన రోజు, పదకొండు సెకండ్ల కోసం నేను పడ్డ ఉక్రోషం ఎంత చిన్నదో తెలిసింది.

ఇంకొకాయన డాన్ గర్నీ, అమెరికావాడు. 'ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ' (2019) చూశారా? అందులో గర్నీ వేషం వేసింది ఆయన కొడుకు ఆలెక్సే! ఆ చిత్రంలోని ఫోర్డ్ జీటీ 40 పేరులో నలభై ఎందుకుందనుకున్నారు? నేల నుంచి కప్పు దాకా ఆ కారు ఎత్తు నలభై అంగుళాలే గనక! గర్నీ కూడా ఆరడుగులు దాటి పైకి పోయిన మనిషే. 1967లో ఫ్రాన్సులో లె మాన్స్ 24 గంటల పోటీకి ఫోర్డ్ కొత్త కారు తెస్తే, హెల్మెట్ పెట్టుకున్న ఆయన తల కప్పుకి తగిలింది. అప్పుడేం చేశారో తెలుసా? డ్రైవర్ని మార్చలేదు. డ్రైవరు తల మీదుగా కప్పులో ఒక బుడిపె లేపారు. దానికి గర్నీ బుడగ అని పేరొచ్చింది. ఆ బుడిపె కారుతోనే గర్నీ, ఎ.జె. ఫోయిట్ ఆ పోటీ గెలిచారు. గెలిచిన సంబరంలో గర్నీ షాంపేన్ సీసా ఊపి అందరి మీదా చిమ్మాడు. ఇవాళ ప్రతి రేసులోనూ మీరు చూసే ఆ తంతు అక్కడ పుట్టిందే!

ఇప్పుడు ఫార్ములా వన్‌కి కూడా కాస్త దయ కలిగింది. 2019లో డ్రైవరు, సీటు కలిపి కనీసం 80 కిలోలుండాలని రూలు పెట్టారు. తగ్గితే ఆ మేరకు కారులో బరువు పెట్టాల్సిందే. దాంతో పొడుగువాడు కడుపు మాడ్చుకోవాల్సిన పని తగ్గింది.

ఇంతకీ నా కథ ముగిసిందనుకోకండి. పోటీ అయ్యాక ఇంటికొచ్చాను. స్టేషను దగ్గర టీ కొట్టు తప్పించుకుని, కాలవ గట్టు వెంట చుట్టుదారిన నడిచాను. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "కారు నాకు పట్టలేదు నాన్నా," అన్నాను. ఆయనేమీ మాట్లాడలేదు. నన్ను కిందనుంచి పైకి ఒకసారి చూశాడు. అంతే.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే చప్పుడుకి మెలకువ వచ్చింది. చూద్దును కదా, వడ్రంగి, తాపీ మేస్త్రి మా ఇంటి ముందు! తాతగారి ద్వారబంధం పెరికి పక్కన పెట్టారు. పైన గోడ కొడుతున్నారు. అమ్మ లబోదిబోమంటోంది. నాన్న మాత్రం మేస్త్రితో, "ముప్పావు అడుగు లేపయ్యా. మావాడు నిటారుగా రావాల," అంటున్నాడు.

ముప్పై ఏళ్ళకు పైగా తను వంగిన గుమ్మం అది! తన కోసం ఒక్కనాడూ ఇటిక కదిలించని మనిషి. నాకు నోట మాట రాలేదు. వెళ్ళి ఇటికలు అందించాను.

ఇప్పుడు నేను ఎప్పుడు ఊరెళ్ళినా ఆ గుమ్మంలోంచి తలెత్తుకుని లోపలికి వెళతాను. నా నెత్తికీ పై గడపకీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ. ఈలలు వేసేవాళ్ళు లేరనుకోండి, అది వేరే సంగతి. నాన్న మాత్రం ఇప్పటికీ అక్కడికి రాగానే వంగుతాడు. అలవాటు!