ముందు చెయ్యి కడుక్కో

మాది అనకాపల్లి. ఆ మాట చెప్పగానే మన క్లాసులో సగం మంది "బెల్లం తేలేదా?" అంటారు. తప్పేం లేదు, దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో మాదొకటి. చెరకు మీద పనిచేసే పరిశోధనా కేంద్రం మా ఊళ్ళో 1913 నుంచి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కూడా అయిపోయాం గానీ, బయటివాళ్ళకి మేం ఇప్పటికీ బెల్లమే. అలాంటి ఊళ్ళో మా చెల్లికి టైప్ 1 డయాబెటిస్. ఇప్పుడు దానికి పదమూడేళ్ళు. తొమ్మిదో ఏట బయటపడింది.

"అంత చిన్నపిల్లకి షుగరేటండీ, బెల్లం ఎక్కువ తినేసిందా?" అని అమ్మని అడగనివాళ్ళు మా వీధిలో లేరు. టైప్ 1 తీపి తింటే వచ్చే జబ్బు కాదు. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని చంపేస్తుంది. ఆ తర్వాత ఇన్సులిన్ బయటినుంచి ఇచ్చుకోవాల్సిందే, రోజూ, జీవితాంతం. ఎంత ఇవ్వాలో తెలియాలంటే గ్లూకోజ్ ఎంత ఉందో తెలియాలి. అది ఎక్కువగా ఉండిపోతే గంటల్లో, రోజుల్లో ప్రమాదం. బాగా పడిపోతే నిమిషాల్లోనే ప్రమాదం.

రెండేళ్ళుగా చెల్లి చేతికి, భుజం కింద వెనకవైపు, పది రూపాయల నాణెం కంటే కాస్త పెద్ద సెన్సార్ ఒకటి అతికి ఉంటుంది. దాని పేరు కంటిన్యువస్ గ్లూకోజ్ మానిటర్. మా ఇంట్లో మాత్రం దాన్ని "బిళ్ళ" అంటాం. బిళ్ళ కింద వెంట్రుకంత సన్నటి తీగ చర్మంలోకి దిగి ఉంటుంది, పొడవు అర సెంటీమీటరు లోపే. దాని మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పూత. గ్లూకోజ్ ఆ ఎంజైమ్‌తో కలిసినప్పుడు అతి చిన్న కరెంటు పుడుతుంది. ఆ కరెంటుని లెక్కగట్టి ఫోన్‌లో అంకెగా చూపిస్తారు. ఈ ఎంజైమ్ ఎలక్ట్రోడ్ ఆలోచన 1962 నాటిది, అమెరికాలో లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ అనే ఇద్దరిది. మా చెల్లి వాడే రకం 14 రోజులు పనిచేస్తుంది. ఒక్కోటి 5 వేల దాకా పడుతుంది, నెలకి రెండు. అందుకే తలుపు తగిలి బిళ్ళ ఊడితే ఇంట్లో బంగారం పోయినట్టు ఉంటుంది.

బిళ్ళ వచ్చాక వేళ్ళు పొడుచుకోవడం తగ్గింది. కొత్త గొడవ మొదలైంది. ఇదివరకు రోజుకి నాలుగు అంకెలు. ఇప్పుడు ఎప్పుడు ఫోన్ తీసినా అంకె. 240 కనబడితే నాన్న "ఏటి తిన్నావే?" అంటారు. 62 కనబడితే అమ్మ "అన్నం సరిగ్గా తిన్లేదేటే?" అంటుంది. ఎటు చూసినా తప్పు చెల్లిదే. బిళ్ళ తప్పు చెబుతోందేమో అన్న అనుమానం ఎవరికీ రాలేదు. మనకి ఫస్టియర్‌లోనే చెబుతారు కదా, అవుట్‌పుట్ తేడాగా ఉంటే ముందు ఇన్‌పుట్ చూడమని. ఇంట్లో అంకె తేడాగా ఉంటే ముందు మనిషిని చూస్తున్నారు.

మొన్న దసరా సెలవుల్లో సెన్సార్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్నీ, డాక్టర్ గారు చెప్పినవాటినీ కలిపి తెలుగులో ఒక పేజీ చేద్దామని కూర్చున్నాను. రాత్రిళ్ళు అలారం మోగితే లేచేది అమ్మ. అమ్మకి ఇంగ్లీషు రాదు. ట్రాన్స్‌లేషన్ యాప్‌కి ఇస్తే "సంపీడన అల్ప పఠనము" లాంటివి ఇచ్చింది. అమ్మ చదివి, "ఇదేటి బాబూ, మంత్రమా?" అంది. అందుకని అర్థం నేను చెప్పాను, వాక్యం అమ్మ చెప్పింది. ఆ పేజీ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది. అందులోవి ఇవి.

1. "చెయ్యి నొక్కుకుపోయిందేమో చూడు."

రాత్రి రెండింటికి ఫోన్ సైరన్ లాగా మోగుతుంది. 54 అని చూపిస్తుంది. అమ్మ కంగారుగా గ్లూకోజ్ నీళ్ళు తాగించేది, తెల్లారేసరికి 260. చూస్తే చెల్లి బిళ్ళ ఉన్న చేతి మీదకే తిరిగి పడుకుని ఉండేది. బరువు పడ్డచోట చర్మం కింద ద్రవం సరిగ్గా కదలదు, తీగకి గ్లూకోజ్ అందదు, అంకె పడిపోతుంది. పక్కకి తిప్పి పడుకోబెడితే కాసేపటికి దానంతటదే లేస్తుంది. గ్రాఫ్‌లో ఇది నున్నటి వాలులా ఉండదు, ఒక్కసారిగా గోతిలో పడ్డట్టు ఉంటుంది. అలాగని గొయ్యి కనబడింది కదా అని మళ్ళీ పడుకోకూడదు. వేలు పొడిచి చూడాలి. చూసే వీలు లేకపోతే, లేదా చెమటలు, వణుకు ఉంటే, నిజంగానే పడిపోయిందనుకుని తీపి ఇచ్చేయాలి.

2. "బిళ్ళ కాస్త వెనక నడుస్తాది."

బిళ్ళ కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని. రక్తంలో మారింది అక్కడికి చేరడానికి 5 నుంచి 15 నిమిషాలు పడుతుంది. అనకాపల్లి ప్లాట్‌ఫాం మీద రైలు మన ముందు ఆగి ఉంటుంది, యాప్‌లో మాత్రం ఇంకా తాడి దగ్గరే కనిపిస్తుంది చూడండి, అదే ఇది. గ్లూకోజ్ స్థిరంగా ఉన్నప్పుడు ఈ తేడా తెలియదు. అన్నం తిన్నాక, ఆటల తర్వాత, లో అయినప్పుడు తెలుస్తుంది. తీపి ఇచ్చిన ఐదు నిమిషాలకి కూడా 60 అనే ఉంటే, మళ్ళీ ఇచ్చేయాలనిపిస్తుంది. 15 నిమిషాలు ఆగి, వేలితో చూడాలి. అంకె పక్కన బాణం గుర్తు ఎటు చూస్తోందో కూడా చదవాలి. పైకి పోతున్న 75, కిందికి పోతున్న 75 ఒకటి కావు.

3. "కొత్త బిళ్ళకి ఒక రోజు టైమియ్యి."

చర్మంలోకి తీగ దిగడమంటే చిన్న గాయమే. ఒంటికి అది అలవాటయ్యేదాకా మొదటి రోజు అంకెలు అటూఇటూ ఉండొచ్చు. అందుకే మా ఇంట్లో బిళ్ళ మార్చిన రోజు వేలి పరీక్షలు ఎక్కువ. మామూలు రోజుల్లో కూడా బిళ్ళకీ గ్లూకోమీటర్‌కీ కొంత తేడా ఉంటుంది. రెండూ అంచనాలే. గ్లూకోమీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చూసినా, 100 దాటిన అంకెలో 15 శాతం దాకా తేడా ఒప్పుకుంటారు. అంటే ఒకటి 150, ఇంకోటి 165 చూపిస్తే రెండూ బాగానే ఉన్నట్టు.

4. "చెమట ఆరాకే అంటించు."

ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి ఉక్కపోత తెలిసినవాళ్ళకి దీని అవసరం చెప్పక్కర్లేదు. ఆ చోట నూనె, పౌడరు ఉండకూడదు. సబ్బుతో కడిగి, స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఫ్యాన్ కింద రెండు నిమిషాలు కూర్చుంటే చాలు. అతికించాక కాసేపు అరచేత్తో అదిమి పట్టుకోవాలి. పైన ఇంకో టేప్ వేస్తే బిళ్ళకి గాలి రంధ్రం ఉంటే అది మూసుకుపోకూడదు. గడువుకి ముందే ఊడినా, ఎర్రర్ చూపినా బిళ్ళని చెత్తబుట్టలో వేసేయొద్దు. స్క్రీన్‌షాట్ తీసి, సీరియల్ నంబర్ ఉన్న డబ్బా దాచి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాలి. మాకు రెండుసార్లు కొత్తది పంపారు.

5. "ఫోన్ నిద్రపోయిందేమో లేపు."

ఇది నా డిపార్ట్‌మెంట్. సిగ్నల్ లాస్ అని వస్తే బిళ్ళ పాడైందని కాదు. బ్లూటూత్ పది మీటర్లు దాటితే కష్టం, మధ్యలో గోడ ఉంటే ఇంకా కష్టం. మనిషి ఒళ్ళు కూడా అడ్డమే, ఎందుకంటే మనలో ఉన్న నీళ్ళు ఆ తరంగాల్ని పీల్చేస్తాయి. ఇక అసలు దొంగ బ్యాటరీ సేవర్. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, వాడని ఫోన్‌ని సిస్టమే నిద్రపుచ్చుతుంది. తక్కువ ధర ఫోన్లలో కంపెనీలు పెట్టే అదనపు బ్యాటరీ సేవర్లు సెన్సార్ యాప్‌నే ఆపేస్తాయి. ఆ యాప్‌కి బ్యాటరీ ఆంక్షలు తీసేయాలి, ఆటోస్టార్ట్ ఆన్ చేయాలి, డు నాట్ డిస్టర్బ్‌లో కూడా మోగేలా అనుమతి ఇవ్వాలి. ఫోన్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఇవన్నీ మళ్ళీ చూసుకోవాలి. మూగబోయిన అలారం కంటే అసలు అలారం లేకపోవడమే నయం, కనీసం మనం లేచి చూస్తాం.

6. "అనుమానం వస్తే వేలు పొడువు. ముందు చెయ్యి కడుక్కో."

అంకె ఒకటి చెబుతూ మనిషి ఇంకోలా ఉంటే వేలి పరీక్షే దారి. అనుమానం ఉన్న అంకెని చూసి ఇన్సులిన్ వేయకూడదు. ఈ వాక్యంలో రెండో సగం విలువ మాకు కొత్త అమావాస్య నాడు తెలిసింది.

నూకాలమ్మ జాతర మొదలయ్యే రోజది. ఇంటినిండా చుట్టాలు. మామ్మ పరమాన్నం వండుతుంటే చెల్లి పక్కన కూర్చుని బెల్లం కొట్టి ఇస్తోంది. ఫోన్‌లో 142, బాణం అడ్డంగా ఉంది. ఆ ఉదయమే బిళ్ళ మార్చాం కాబట్టి నాన్న వేలు పొడిచి చూశారు. 291.

"చూసావా? బిళ్ళ అబద్ధమాడినా ఇది ఆడదు. ఎంత తిన్నావే?"

"ఒట్టు నాన్నా, నోట్లో ఏసుకోలేదు."

"మరి 291 ఎలాగొచ్చింది?"

చుట్టాలందరూ వింటున్నారు. చెల్లి కళ్ళనిండా నీళ్ళు. నాన్న మాట్లాడకుండా ఇన్సులిన్ పెన్ను తీసి, 291కి సరిపడా యూనిట్లు తిప్పుతున్నారు. వంటింట్లోంచి అమ్మ గరిటెతోనే వచ్చి ఒకే ఒక ప్రశ్న అడిగింది. "చెయ్యి కడిగిందా?"

కడగలేదు. సబ్బుతో కడిగి, తుడిచి, ఇంకో వేలు పొడిచాం. 136.

బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే అయినా, కొంత విడి గ్లూకోజ్ కూడా ఉంటుంది. వేలికి అంటిన ఆ కాస్త పాకం రక్తపు చుక్కలో కలిస్తే స్ట్రిప్ దాన్నీ లెక్కపెడుతుంది. స్ట్రిప్‌కి రక్తంలోని గ్లూకోజూ వేలి మీది గ్లూకోజూ ఒకటే. మామిడిపండు ఒలిచిన చేత్తో చూసుకున్నా ఇంతే. ఆ రోజు పెన్నులో తిప్పిన యూనిట్లు వేసేసి ఉంటే, 136 మీద ఆ డోసు పడి ఉంటే, జాతర వేళ మేం ఎక్కడ ఉండేవాళ్ళమో ఊహించుకోవడం నాకిష్టం లేదు. నాన్న పెన్నుకి మూత పెట్టేశారు. సారీ చెప్పలేదు, మా ఇళ్ళల్లో నాన్నలు చెప్పరు. కానీ ఆ తర్వాత నుంచి ఆయన ప్రశ్న మారింది. "ఏటి తిన్నావే?" పోయి, "ఏటంటంది బిళ్ళ? చెయ్యి కడిగేవా?" వచ్చింది. చెల్లి కూడా 240 వస్తే ఇప్పుడు ఫోన్ దాచెయ్యడం లేదు. తనే వచ్చి చూపిస్తోంది. నిజంగా ఏదైనా తిని ఉంటే అదీ చెబుతోంది. నా దృష్టిలో ఆ కాగితం చేసిన అసలు రిపేరు ఇదే.

కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఇంకో మాట. 2013లో అమెరికాలో జాన్ కాస్టిక్ అనే ఇంజనీర్, నాలుగేళ్ళ కొడుకు గ్లూకోజ్ అంకెలు ఆఫీసులో కూర్చుని చూడాలని, సెన్సార్ రిసీవర్ నుంచి డేటాని ఇంటర్నెట్‌కి పంపే కోడ్ తనే రాసుకున్నాడు. మరికొందరు తల్లిదండ్రులు, ప్రోగ్రామర్లు చేరారు. అదే నైట్‌స్కౌట్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ అయింది. "మేం ఎదురుచూస్తూ కూర్చోం" అన్నది వాళ్ళ నినాదం. ఇప్పుడు కంపెనీల యాప్‌లలోనే ఆ సౌకర్యం ఉంది. అందుకే చెల్లి అంకె ఇక్కడ హాస్టల్‌లో నా ఫోన్‌లో కనబడుతుంది. రాత్రి మా రూమ్‌లో మోగేది గేమ్ కాదని పక్క రూమ్ వాళ్ళకి ఈ రకంగా తెలియజేస్తున్నాను.

మన కాలేజీలోనూ ఒకరిద్దరి చేతికి ఈ బిళ్ళ చూశాను. మీ రూమ్మేటే కావచ్చు. "ఈ వయసులో షుగరా?" అని అడగకండి, వాళ్ళు అది చాలాసార్లు విన్నారు. వాళ్ళ అలారం మోగితే విసుక్కోకుండా లేపండి. చేతులు వణుకుతూ, చెమటలు పడుతూ, మాట తడబడుతూ, ఊరికే చిరాకు పడుతూ ఉంటే షుగర్ పడిపోతోందని అర్థం. 15 గ్రాముల తీపి ఇవ్వండి. గ్లూకోజ్ పొడి అయితే మంచిది, లేకపోతే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల ఆలస్యంగా పనిచేస్తుంది. 15 నిమిషాలు పక్కనే కూర్చోండి, మళ్ళీ చూడమనండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఏం తిన్నాడు, ఎందుకు తినలేదు అన్న ప్రశ్నలు తర్వాత అడగొచ్చు.