ఇరవై మూడు తర్వాత సున్నా

జనరేటర్ వ్యాన్‌ను రెండు వీధుల అవతల నిలబెట్టారు. ఫ్యాన్లన్నీ ఆపేశారు. కోళ్లను కాసేపు గంప కింద మూసిపెట్టమని ప్రొడక్షన్ కుర్రాడు పక్కింటావిడను బతిమాలుతున్నాడు. చేవెళ్ల దగ్గరి ఒక పల్లెలో, పాత భవంతి ఇంటి ముందు, పొద్దున ఆరున్నరకి నాకు కనిపించినవి ఇవి. షూటింగ్ అనగానే మనకు గుర్తొచ్చే గోల ఇక్కడ లేదు. నటులు సెట్లో పలికిన మాటే థియేటర్ దాకా వెళ్లాలని పట్టుబట్టిన సినిమా ఇది. సింక్ సౌండ్. నేను వెళ్లింది హీరోను చూడ్డానికి కాదు, క్లాప్ బోర్డును చూడ్డానికి.

అరుగు మీద సౌండ్ రికార్డిస్టు తన బండి సర్దుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి, మెడలో హెడ్‌ఫోన్లు. ఆయన ముందు తుండుగుడ్డ పరిచి ఉంది. దాని మీద అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవైన నల్లటి పెట్టెలు నాలుగు. ఒక్కోదాన్ని తీసి, చిన్న వైరుతో రికార్డర్‌కు తగిలించి, అంకెలు కలిశాయో లేదో చూసి, మళ్లీ తుండుగుడ్డ మీద పెడుతున్నాడు.

"దీన్ని జామ్ చేయడం అంటాం సార్. రైలెక్కే ముందు స్టేషన్ గడియారం చూసి వాచీ సరిచేసుకునేవాళ్లం కదా, అదే పని. ఇక్కడ స్టేషన్ గడియారం నా రికార్డర్."

ఒక పెట్టె ఎ కెమెరాకు, ఒకటి బి కెమెరాకు. మూడోది క్లాప్ బోర్డు వెనక్కి వెళ్లింది. నాలుగోది ఆయన జేబులోకి, అవసరానికి.

బోర్డును చేతిలోకి తీసుకుని చూశాను. పాలరంగు అక్రిలిక్ పలక, పైన చారల చెక్కలు. ఒక మూల మొదటి రోజు పూజలో పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా చెరిగిపోలేదు. చెక్కను పైకి లేపగానే ఎర్రటి అంకెలు వెలిగాయి. గంటలు, నిమిషాలు, సెకన్లు, ఆఖరున ఫ్రేములు. ఆ చివరి రెండంకెలు కంటికి ఆనవు. 23 దాకా పరుగెత్తి మళ్లీ 00కి వచ్చేస్తాయి. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి అక్కడ 24 అనే అంకె ఎప్పటికీ కనిపించదు. చెక్క మూశాను. అంకెలు ఠక్కున ఆగిపోయాయి. ఏ ఫ్రేములో చెక్కలు కలిశాయో ఆ అంకె ఒక్క క్షణం నిలిచింది. తర్వాత ఆ రోజు తేదీ కనిపించి, పలక ఆరిపోయింది.

పేపర్ల సినిమా పేజీలో ఫలానా హీరో ముహూర్తపు షాట్‌కు క్లాప్ కొట్టారని చదివినప్పుడల్లా అదో కొబ్బరికాయ లాంటి లాంఛనం అనుకునేవాణ్ణి. అది ఎందుకుందో నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. పన్నెండేళ్ల కిందట ఒక బుర్రకథ పెద్దాయన మీద చిన్న డాక్యుమెంటరీ తీశాను. గంటన్నర ఆపకుండా మాట్లాడారాయన. బొమ్మ కెమెరాలో, మాట విడిగా రికార్డర్‌లో. మొదట్లో చప్పట్లు కొట్టి రెండింటినీ కలిపాను, చక్కగా కుదిరింది. చివరికొచ్చేసరికి పెదవి ఒక చోట, మాట ఒక చోట. నాలుగు ఫ్రేములు జరిగిపోయింది. ఆయన తన గురువును తలుచుకుని గొంతు పూడుకుపోయిన చోట, ఆ గొంతు ఆయనది కానట్టు ఉంది. మూడు రాత్రులు కూర్చుని ముక్కలు ముక్కలుగా కోసి అతికాను. ఇప్పటికీ ఆ అతుకులు నాకు వినబడతాయి.

రికార్డిస్టుకు ఈ సంగతి చెబితే ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. "మీ కెమెరాలో గడియారం, రికార్డర్‌లో గడియారం వేరు వేరు సార్. రెండూ ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో ముప్పై పాళ్లు తేడా ఉంటే చాలు, గంటన్నరకి మీరు చెప్పిన నాలుగు ఫ్రేములు." ఈ నల్ల పెట్టెల్లో ఉన్న క్వార్ట్జ్ గడియారం వేడికీ చలికీ తన నడకను తానే సరిదిద్దుకుంటుంది. పది లక్షల్లో అర పాలు తప్పిందనుకున్నా, రోజంతా కలిపి ఒక్క ఫ్రేము.

ఈ పెట్టెలకు వాడే వైర్‌లెస్ అన్న మాట గురించి నేనూ పొరబడ్డాను. రికార్డర్ నుంచి గాల్లో ఎడతెగకుండా సమయం ప్రసారమవుతూ ఉంటుందని, రేడియో తెగితే అంతా తలకిందులవుతుందని అనుకున్నాను. కొన్ని రకాల్లో రేడియో మధ్యమధ్యలో వచ్చి సరిచేసి పోతుంది. బ్లూటూత్‌తో నడిచే చిన్న పెట్టెల్లో అయితే రేడియో పని చాలా తక్కువ. మొదట కలపడానికీ, ఏ పెట్టెలో బ్యాటరీ ఎంతుందో ఫోన్లో చూసుకోవడానికీ. ఆ తర్వాత ఎవరి కాలం వాళ్లదే. కెమెరా కొండెక్కినా, బావిలోకి దిగినా దాని పెట్టె దానికి సమయం చెబుతూనే ఉంటుంది. రికార్డర్‌కూ కెమెరాకూ మధ్య ఇదివరకు నేల మీద పాకిన వైరు లేదు, దాన్ని తన్నుకుని పడేవాళ్లూ లేరు.

పది గంటలకు మొదటి షాట్. క్లాప్ కొట్టేది నల్లగొండ అమ్మాయి, అసిస్టెంట్ డైరెక్టర్‌గా ఇది రెండో సినిమా. రోల్ సౌండ్ అన్న కేక, స్పీడ్ అన్న జవాబు. కెమెరాలు రోలింగ్. అంకెలు రెండు కెమెరాలకూ కనపడేలా బోర్డు పట్టుకుని సీను, షాటు, టేకు నంబర్లు చదివి కొట్టి పక్కకు తప్పుకుంది. పెద్ద వాకిలి కావడంతో మైకు అవతలి వసారాలో నటుల దగ్గరుంది. గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్ల చిల్లర పోతుంది, అంటే ఫ్రేముకు 14 మీటర్లు. అంత దూరంలో కొట్టిన క్లాప్‌ను చెవితో కలిపితే ఒక ఫ్రేము ఆలస్యం అక్కడే చేరిపోతుంది. అంకెతో కలిపితే ఆ బాధ లేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ బి కెమెరా వేడెక్కి మొండికేసింది. అద్దెకిచ్చిన వాళ్లు మరోటి పంపించారు. పాత కెమెరా మీది పెట్టెను దీని మీదికి మార్చారు. ఇక షాట్ అనుకుంటుండగా ఆ అమ్మాయి ఆగింది. బోర్డును కొత్త కెమెరా ముందు పట్టుకుని మానిటర్ వైపు చూసి, "అన్నా, అంకెలు కలుస్తలేవు" అంది.

రికార్డిస్టు లేచి వచ్చాడు. మెనూ తెరిచారు. కెమెరా 23.976లో ఉంది. పెట్టెలన్నీ 24లో. పెట్టె చెప్పే సమయాన్ని తీసుకోకుండా కెమెరా తన సొంత అంకెలు తాను లెక్కపెట్టుకుంటోంది. అమెరికాలో కలర్ టీవీ వచ్చిన రోజుల నాటి సర్దుబాటు ఈ పాయింటు లెక్క, మన థియేటర్ సినిమాకు అక్కర్లేదు. కానీ గమనించకపోతే గంటకు మూడున్నర సెకన్లకు పైగా తేడా. సాయంత్రానికి ఎడిటింగ్ గదిలో ఎవరి మాట ఎవరిదో తెలియదు. "శభాష్ అమ్మా" అన్నాడాయన, అంతే. ఆమె ముఖం వెలిగిపోయింది. ఖరీదైన పెట్టెలన్నీ ఉన్నా, తప్పు పట్టుకున్నది బోర్డు అంకెలనూ కెమెరా అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసిన కళ్లే. కెమెరా మారినా, బ్యాటరీ మారినా, బోర్డు ముందు పట్టుకుని చూడాల్సిందేనని ఆమెకు ఎవరో గట్టిగా నేర్పారు.

టైమ్‌కోడ్ అనే ఈ అంకెల పుట్టుక 1960ల చివర్లో అమెరికాలో, వీడియో టేపు ఎడిటింగ్ కోసం. తర్వాత అక్కడి సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఎంపీటీఈ దాన్ని ప్రమాణంగా నిలబెట్టింది. ఒక్కో ఫ్రేముకు 80 బిట్లు. టైమ్‌కోడ్ తీసుకునే వీలు లేని చిన్న కెమెరాల్లో ఆ బిట్లనే శబ్దంగా మార్చి ఒక ఆడియో ట్రాక్‌లోకి పంపుతారు. ఆయన నాకు వినిపించాడు. కీచురాయి గొంతు తడారిపోయినట్టుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ రొదను చదివి సమయం పట్టుకుంటుంది.

సెట్లో పలికిన మాటే వినిపించాలన్నది మనకు కొత్తగా వచ్చిన పట్టుదల కాదు. 1932లో భక్త ప్రహ్లాద సినిమాలో నటులు కెమెరా ముందు పలికిందే ప్రేక్షకుడు విన్నాడు. తర్వాత మనం డబ్బింగ్‌కు అలవాటు పడ్డాం. సెట్లో తీసిన మాట పైలట్ ట్రాక్ అయిపోయింది, డబ్బింగ్‌లో చూసుకోవడానికి పనికొచ్చే చిత్తుప్రతి. డబ్బింగ్ కళాకారుల పనితనం నాకు తెలుసు, చీకటి గదిలో మైకు ముందు ఏడవడం మాటలు కాదు. అయినా 2016లో పెళ్లిచూపులు సినిమా చూసినప్పుడు, అది సింక్ సౌండ్ అని తెలియక ముందే, ఆ మాటలు ఆ గదుల్లోనే పుట్టాయని నా చెవికి తెలిసింది. నాకు కావలసింది అదే.

సాయంత్రం ఆఖరి షాట్. కొడుకు ఊరొదిలి వెళ్లాక తల్లి ఒక్కతే వంటింటి గడప మీద కూర్చుంటుంది. ఆ పాత్ర వేస్తున్న పెద్దావిడ గంట ముందు నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. ముఖం ముందు టపీమని క్లాప్ కొట్టవద్దని డైరెక్టర్ సైగ చేశాడు. ఎండ్ బోర్డు అన్నమాట, షాట్ అయ్యాకే క్లాప్. నిశ్శబ్దంగా అన్నీ రోల్ అయ్యాయి. ఆవిడ చాలాసేపు గిన్నెలోని మెతుకుల్ని చూస్తూ కూర్చుంది. తర్వాత నాలుగు ముక్కలే మాట్లాడింది, సగం గొంతులో, సగం లోపల. కట్ అనలేదు డైరెక్టర్, చెయ్యి మాత్రం ఎత్తాడు. ఆ అమ్మాయి వంగి నడిచి వచ్చి, బోర్డును తలకిందులుగా పట్టుకుని, రెండు వేళ్లతో చెక్కలను చప్పుడు కాకుండా కలిపింది. 17:48:06:19. అంకెలు ఆగాయి. తేదీ వచ్చింది. ఆరిపోయింది.

రికార్డిస్టు తన హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టి ఆ టేకు మళ్లీ వేశాడు. ఆవిడ ఊపిరి. గాజులు గిన్నె అంచుకు తగిలిన చప్పుడు. ఎక్కడో దూరంగా, గంప కింద నుంచి వదిలేసిన కోడి. తర్వాత ఆ నాలుగు మాటలు.