మూడో సైగ

మొన్న క్లబ్ మీటింగ్‌లో "ఈ సంచికకి ఆటల మీద ఎవరు రాస్తారు?" అనగానే అందరూ నా వైపే చూశారు. హాస్టల్ గదిలో గోడకి రాకెట్ వేలాడుతుంది కదా, పెద్ద ప్లేయర్‌ననుకున్నారు పాపం! నేను ఆడిన ఆట గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదు. కుర్చీలో కూర్చున్నప్పటి సంగతి మాత్రం ఒకటుంది.

మాది ఉక్కునగరం. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. ఏడో తరగతి నుంచి బ్యాడ్మింటన్ నేర్చుకున్నాను. మన చిన్న టోర్నీల్లో ఒక ఆచారం ఉంది. ఓడినవాడిని ఇంటికి పంపరు, తరవాతి మ్యాచ్‌కి లైన్ మీద కూర్చోబెడతారు. నేను మొదటి రౌండ్‌లోనే ఓడేవాణ్ని కాబట్టి ఆడినదానికన్నా కూర్చున్నదే ఎక్కువ. ఎలా చూడాలో ఎవరూ నేర్పలేదు. "షటిల్ బయట పడితే చేతులు బారజాపి అవుట్ అని అరువు. లోపల పడితే కుడిచేత్తో గీత చూపించు, నోరు తెరవకు." అంతే నా ట్రైనింగు.

ఇంటర్ మొదటి ఏడాదిలో ఉత్తరాంధ్ర పిల్లలకి వైజాగ్‌లో ఒక టోర్నీ జరిగింది. అండర్-15 అమ్మాయిల సెమీస్. మూడో గేమ్, 20-19. వెనకబడి ఉన్నది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పిల్ల. ప్రతి సర్వీస్‌కీ ముందు రాకెట్ తీగలు వేళ్లతో సర్దుకునేది. ఆ పిల్ల అవతలి కొస నుంచి ఎత్తుగా లేపి కొట్టింది. నా కొసలో ఉన్న అమ్మాయి వెనక్కి పరిగెత్తి, షటిల్‌ని వదిలేసింది. సరిగ్గా ఆ క్షణంలో నాకూ షటిల్‌కీ మధ్య ఆ అమ్మాయి వీపు అడ్డొచ్చింది.

నేను చూడలేదు. అంపైర్ నా వైపు తిరిగాడు. వదిలేసిందంటే బయటే అయ్యుంటుందనుకుని చేతులు చాపేశాను. "అవుట్!"

21-19. మ్యాచ్ అయిపోయింది.

2006కి ముందైతే సర్వీస్ చేసేవాళ్లకే పాయింటు వచ్చేది. 21 పాయింట్ల పద్ధతి వచ్చాక ప్రతి ర్యాలీకీ ఎవరో ఒకరికి పాయింటే. ఒక్క తప్పు మాటకి అక్కడికక్కడే లెక్క తేలిపోతుంది. ఆ పిల్ల గొడవ చెయ్యలేదు. నెట్ అవతల నుంచి ఒకసారి నా కళ్లలోకి చూసింది. గీత వెడల్పు 40 మిల్లీమీటర్లు, రెండు వేళ్లంత. షటిల్ దాని మీద పడిందో, అవతల పడిందో నాకు ఈరోజుకీ తెలీదు.

రాత్రి అన్నం సయించలేదు. నాన్న అడిగితే చెప్పేశాను.

"మరి చూడనిది ఎందుకు చెప్పావురా?"

"ఏదో ఒకటి చెప్పాలి కదా నాన్నా, అందుకే కదా కూర్చోబెట్టారు."

"మా దగ్గర మీటర్‌లో అంకె కనబడకపోతే, పాత అంకె చూసి ఏదో ఒకటి వేసీయొచ్చు. ఎవడూ అడగడు. కానీ తరవాత షిఫ్టువాడు దాన్ని నమ్ముకుని వాల్వ్ తిప్పుతాడు. అందుకే కనబడలేదనే రాస్తాం."

తరవాతి వేసవిలో కోచ్ సర్ మమ్మల్ని రెండు రోజుల అంపైరింగ్ శిబిరానికి పంపారు. సర్వీస్‌లో షటిల్‌ని కొట్టే క్షణానికి అది మొత్తం 1.15 మీటర్ల కింద ఉండాలనే 2018 నాటి నియమం దగ్గర్నుంచి అన్నీ చెప్పారు. మధ్యలో పెద్దాయన ఒకరు "లైన్ జడ్జికి సైగలెన్ని?" అని అడిగారు. రెండని అందరం అరిచాం. ఆయన నవ్వి, రెండు చేతులతో కళ్లు మూసుకుని చూపించారు. కనబడలేదని చెప్పడానికి రూల్స్‌లోనే ఒక సైగ ఉంది! అప్పుడు అంపైర్ తను చూసుంటే చెప్తాడు, లేకపోతే లెట్, ఆ పాయింటు మళ్లీ ఆడతారు. నాకు గుండె గుభేలుమంది. నాలుగేళ్లు కుర్చీలో కూర్చున్నాను, ఈ ముక్క తెలీదు.

గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక మన దగ్గర పిల్లల్ని కోచింగ్‌కి పంపడం మోజైంది. గుంటూరు శ్రీకాంత్, అమలాపురం సాత్విక్ ప్రపంచ నంబర్ వన్‌లయ్యారు. ప్లేయర్లకి అకాడమీలున్నాయి, కోచ్‌లకి కోర్సులున్నాయి. అంపైర్లకీ జిల్లా నుంచి రాష్ట్రం, దేశం, ఆసియా, ప్రపంచ స్థాయి దాకా మెట్లున్నాయి. కానీ అందరికన్నా కింది మెట్టు మీద, నిన్న ఓడిపోయిన పిల్లాడొకడు కూర్చుని ఉంటాడు. వాడికీ ఒక పూట నేర్పితే ఎంత బావుణ్ను!

పోయిన సెమిస్టర్‌లో కాలేజీల టోర్నీకి లైన్ మీద కూర్చున్నాను. 18-18. మళ్లీ అదే, ఆడేవాడి వీపు అడ్డం. కళ్లు మూసుకున్నాను. గ్యాలరీలోంచి ఎవడో "ఏటి బాబూ, నిద్రొచ్చిందేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. అంపైర్ లెట్ ఇచ్చాడు. చెవులు వేడెక్కాయి గానీ ఆ రాత్రి అన్నం తిన్నాను.

ఈ ఏడాది రాష్ట్ర స్థాయి అంపైర్ పరీక్ష రాద్దామనుకుంటున్నాను. శ్రీకాకుళం పిల్ల ఇప్పుడు ఏ కాలేజీలో ఉందో, ఇంకా ఆడుతోందో లేదో. ఎప్పుడైనా ఆమె మ్యాచ్‌కి నేనే కూర్చోవాల్సొస్తే నన్ను గుర్తుపట్టదు. రాకెట్ తీగలు సర్దుకుంటే నేను గుర్తుపడతాను.